సులై క్యాంపులో తంగేడు పూయించిన వైనం

ఆ రోజుల్లో అని మొదలుపెడితే చదివేవాళ్ళు బొగ్గు రైళ్ళ కాలం, అణాల కాలం అనుకుంటారేమో. నేను చెప్పబోయేది మొన్నమొన్నటి సంగతి. అప్పటికి వాట్సాప్ ఉంది, వీడియో కాల్ ఉంది, నాకు బీపీ మాత్ర కూడా ఉంది. అయినా అది నా కుర్రతనమే. ఎందుకంటే సౌదీలో మనిషి వయసును పుట్టిన తేదీ నుంచి కాక, చేతికి మొదటి ఇకామా వచ్చిన రోజు నుంచి లెక్కపెడతారు. (ఇకామా అంటే అక్కడ ఉండనిచ్చే కార్డు. అది జేబులో లేకపోతే మనిషి ఎదురుగా నిలబడి ఉన్నా లేనట్టే.) ఇరవై ఏళ్ళకు వచ్చి పదిహేనేళ్ళుగా అక్కడే ఉన్నవాడు పెద్దమనిషి. మా ఊరి దగ్గరి చక్కెర ఫ్యాక్టరీ మూతపడి, స్టోర్ కీపరు పని పోయి, యాభై రెండో ఏట రియాద్‌లో విమానం దిగిన నేను నిన్నగాక మొన్న వచ్చిన పోరణ్ణి. కుర్రవాళ్ళు చేసే పనులన్నీ ఆ ఏడే చేశాను: గొప్పలు చెప్పడం, పంతం పట్టడం, ఎవరో ఒకరి కోసం పూలు పూయించాలనుకోవడం.

రియాద్ శివారు సులైలో గోదాముల వెనక, బిల్డింగులు కట్టే మా కంపెనీ పనివాళ్ళుండే క్యాంపుకు నేను ఇన్‌ఛార్జిని. గదులు, మంచాలు, మెస్సు, నీళ్ళ ట్యాంకరు, ఎవరి ఏసీ కారుతోంది, ఎవరి దుప్పటి పోయింది, అన్నీ నేనే చూడాలి. అందులో నాకు కష్టమేమీ లేదు. హైస్కూలు రోజుల నుంచి డైరీ రాసే అలవాటున్నవాణ్ణి. ఏ పనికైనా పద్ధతి ఉండాలంటాను. ఆ పద్ధతిని చూసి క్యాంపులో అందరూ నన్ను ‘సారు’ అనేవారు. వెనకాల ఇంకేదో అనేవారట, నాకు తెలియదు. (తెలుసు. ‘రూలు తాత’ అనేవారు.)

బతుకమ్మ పండుగకు ఇంటికి వస్తానని మా ఆవిడకు మాటిచ్చాను. ఎండలు మండిపోతున్న రోజుల్లో ముదీర్ పిలిచి, బిల్డింగు అప్పజెప్పేదాకా ఎవరికీ సెలవు లేదన్నాడు. ముదీర్ అంటే మా మేనేజరు. ఆయన మాటకు తిరుగులేదు. ఆ సాయంత్రం భయపడుతూనే ఇంటికి ఫోన్ చేశాను.

“ఊరంత చెప్పుకున్న వస్తున్నరని,” అంది మా ఆవిడ. “ఇగ నేను బతుకమ్మ ఎవల కోసం పేర్చాలె?”

“నేనిక్కడ పేరుస్త. వీడియోల నీకు చూపిస్త.”

“తంగేడు పువ్వు లేంది బతుకమ్మ ఎట్లయితది? ఆడ దొరికేటియి ఖర్జూరపండ్లు. అవి పేరుస్తరా పళ్ళెంల?”

“తంగేడే పెంచుత,” అన్నాను. ఆ మాట నా నోట్లోంచి ఎలా వచ్చిందో నాకిప్పటికీ తెలియదు.

“తంగేడును పెంచుతరా? గుట్టల పొంట, బీడు భూములల్ల దానంతటది మొలిచేదాన్ని ఎవలన్న పెంచుతరా? సరే, కానియ్యుండ్రి. పువ్వు పూసినంక ఫోన్ చెయ్యుండ్రి. అప్పటిదాంక నాకు చెయ్యకుండ్రి.”

అన్నంత పనీ చేసింది. నేను ఫోన్ చేస్తే కోడలు ఎత్తి, “అత్తమ్మ పనిల ఉన్నది మామయ్యా” అనేది. వెనకనుంచి మా ఆవిడ దగ్గు స్పష్టంగా వినిపించేది. రోజూ డ్యూటీ అయ్యాక ఆమె ఆ పూట కూరేం వండిందో, పక్కింటివాళ్ళతో ఎందుకు గొడవైందో చెబుతుంటేనే నాకు మెస్సులో పప్పు గొంతు దిగేది. ఇప్పుడా పప్పు గొంతులోనే నిలబడిపోయింది. అంటే నా సంసారం మొత్తం ఒక పువ్వు మీద ఆధారపడి ఉంది.

అది దొరికిన తీరు చెప్పాలి. ఊరి బయట సైటు నుంచి తిరిగి వస్తున్నాం. బండి నడిపేది మా డ్రైవర్ భాయ్, హైదరాబాద్ పాతబస్తీ మనిషి. ఎండిపోయిన వాగు పక్కన రాళ్ళలో పసుపు పూలతో చిన్న పొద కనిపించింది. “ఆపు ఆపు ఆపు!” అని నేను అరిచిన అరుపుకు భాయ్ ఏ ఒంటెనో గుద్దాననుకుని బ్రేకు తొక్కాడు.

“క్యా హువా సాబ్?”

“తంగేడు!”

భాయ్ దిగి, పొద చుట్టూ ఒక ప్రదక్షిణ చేశాడు. “సాబ్, దీని కోసం నా గుండె ఆపిన్రా?” అన్నాడు. అయినా మంచివాడు, బండిలోంచి పార తీశాడు. ఇద్దరం మట్టితో సహా పెకలించి, సిమెంటు సంచిలో చుట్టి, చంటిపిల్లను ఆస్పత్రికి తీసుకెళ్ళినట్టు నా ఒళ్ళో పెట్టుకుని తెచ్చాం. (అక్కడ ఇంకా పొదలుండే ఉంటాయి, పండుగనాడు వెళ్ళి కోసుకురావచ్చు కదా అని మీరడగవచ్చు. తర్వాతి వారానికే అక్కడ రోడ్డు పడింది.)

క్యాంపు గోడ వార నాటాం. అందరూ చుట్టూ మూగారు. మా ప్లంబరు, జగిత్యాల వైపు మనిషి, కుళాయిలు బాగుచేస్తాడని అందరూ ‘నల్లా మామ’ అని పిలిచేవాడు, గడ్డం గోక్కుంటూ అన్నాడు: “సారు, తంగేడు గింత పొట్టిగుంటదా?”

“ఎడారి గదా మామా. నీళ్ళు లేక ఎదగలే.”

“ఆకు గూడ జెర వేరే తీరుగున్నది.”

“అది సౌదీ ఎండకు.”

అందరూ ఒప్పుకున్నారు. అసలు విషయమేమిటంటే, అక్కడ తంగేడును నిలబడి చూసినవాడు ఒక్కడూ లేడు. పండుగనాడు పొద్దున్నే పరుగెత్తి, పూలున్న కొమ్మల్ని విరిచి, మోపుగట్టి అక్కచెల్లెళ్ళ ముందు పడేసినవాళ్ళమే అందరం. ఆకు చూసే ఓపిక ఎవరికుంది? పసుపు పువ్వు, చేదు వాసన, అంతే మా వృక్షశాస్త్రం.

నాటిన మూడోనాటికి ఉన్న పూలు రాలిపోయాయి. నేను పద్ధతి మొదలుపెట్టాను. పైన ఆకుపచ్చ నీడ వల కట్టించాను. పొద్దున, సాయంత్రం నీళ్ళు. మెస్సులోంచి వాడిన టీ పొడి ఎరువు. చుట్టూ సైటు నుంచి తెచ్చిన నలుపు-పసుపు రిబ్బను. మొక్క పచ్చగా కాక పసుప్పచ్చగా మారసాగింది, కానీ పూలతో కాదు, ఆకులతో. ఫోనులో వెతికితే ఒక పెద్దమనిషి వీడియోలో చెప్పాడు: మెట్ట భూముల పొదలకు నీళ్ళు ఎక్కువైతే వేళ్ళు కుళ్ళుతాయి, దాహం వేయనిస్తేనే పూస్తాయి. వెంటనే ‘నీళ్ళు పోయరాదు’ అని మూడు భాషల్లో బోర్డు రాయించి పాతాను.

అయినా రోజూ మట్టి తడిగానే ఉండేది. ఎవరా అని ఏసీ డబ్బా చాటున కాపు కాశాను. ముందు వంటమనిషి వచ్చి, అటూ ఇటూ చూసి బియ్యం కడిగిన నీళ్ళు పోశాడు. తర్వాత భాయ్, నమాజుకు కాళ్ళూ చేతులూ కడుక్కునే చెంబుతో. చివరికి నల్లా మామ ఏకంగా పైపు లాక్కొచ్చాడు.

“మామా! బోర్డు కనవడుతలేదా?”

“కనవడ్డది సారు. ఈ ఎండకు మనిషి పాణమే గిట్ల పోతాంటె, దాని ముంగట కూసొని నేను చల్లటి సీస తాగుడా? నా గొంతు దిగుతదా నీళ్ళు?” అన్నాడు, కళ్ళలో నిజంగానే తడితో. “ఒక్కణ్ణే గదా అని కొంచెం వోస్తున్న.”

ప్రతివాడూ తానొక్కడే పోస్తున్నాననుకున్నాడు. ఊళ్ళో బీడులో వెయ్యి తంగేడు చెట్లు మాడుతుంటే తిరిగి చూడనివాళ్ళు, ఇక్కడ ఒక్కదాని దాహానికి తట్టుకోలేకపోయారు. వాళ్ళకు పద్ధతి గురించి గట్టిగా క్లాసు తీసుకున్నాను. మర్నాడు మిట్టమధ్యాహ్నం, అది తలవాల్చి నిలబడ్డ తీరు చూస్తూ చూస్తూ ఉన్నవాణ్ణి, చూసుకుంటే నా చేతిలోనే మూత తీసిన సీసా ఉంది.

దాన్ని మా ప్రేమ నుంచి కాపాడింది ట్యాంకరు. పంపు చెడిపోయిందో, డ్రైవరు అలిగాడో, క్యాంపుకు నీళ్ళ ట్యాంకరు రావడం తగ్గిపోయింది. ఎవరి బకెట్టును వారు నగల పెట్టెలాగా దాచుకున్న రోజులవి. ఒకే బకెట్టుతో స్నానం, బట్టలు, అన్నీ. పొదను పట్టించుకునే నాథుడు లేడు. నేను కూడా ట్యాంకరు ఆఫీసుకు ఫోన్లు చేస్తూ దాని సంగతి మర్చిపోయాను. పండుగ రెండు రోజుల్లో ఉందనగా నల్లా మామ కేక వేశాడు, “సారూ! ఉరికి రాండ్రి!” అని. వెళ్ళి చూస్తే మొగ్గలు. ఒక కొమ్మకు పసుపు పువ్వు విచ్చుకునే ఉంది.

ఆ ఆనందం ఏమని చెప్పను! భాయ్ నన్ను వాటేసుకున్నాడు. నల్లా మామ పొదకు దండం పెట్టాడు. పండుగ చివరిరోజు, సద్దుల బతుకమ్మ, శుక్రవారం వచ్చింది, సెలవు కూడా. ఆ పొద్దున పూలతోనే ఇంటికి ఫోన్ చేయాలని నిశ్చయించుకున్నాను. గురువారం సాయంత్రం అందరం చుట్టూ కూర్చుని ఉండగా నల్లా మామకే ఆలోచన వచ్చింది.

“సారు, తంగేడు కషాయం షుగరుకు మంచిదంటరు గదా. పువ్వులు బతుకమ్మకు పోతయ్. ఆకు మనకు పనికొస్తది.”

క్యాంపులో సగం మందికి షుగరు, మిగతా సగానికి వస్తుందేమోనని భయం. నేను పద్ధతిగా ఆకు కోసి, కడిగి, గిన్నెకింత అని కొలిచి వంటమనిషికిచ్చాను. బాగా మరిగించమన్నాను కూడా. (ఆ ‘బాగా’ అన్న మాట అనకుండా ఉండాల్సింది.) అందరం తలా ఒక గ్లాసు తాగాం. నల్లా మామ రుచి బాగుందని రెండు తాగాడు.

శుక్రవారం తెల్లవారింది. మా క్యాంపులో బాత్‌రూములు ఆరు. మనుషులు నలభై మందికి పైనే. నేను తలుపు తీసుకుని బయటికొచ్చేసరికి లైను మెస్సు దాకా ఉంది. ఎవరూ మాట్లాడడం లేదు. మాట్లాడేందుకు కూడా బలం ఖర్చు పెట్టదలచుకోనట్టున్నారు. లోపలి నుంచి వచ్చినవాడు వచ్చినట్టే వెనక్కి వెళ్ళి మళ్ళీ లైను చివర నిలబడుతున్నాడు. సెలవురోజు కాబట్టి కంపెనీ బతికిపోయింది. (ఆ రోజు డైరీ నేను నిలబడే రాశాను, అక్షరాలు చూస్తే తెలుస్తుంది.)

కానీ పూలు చూపించే వేళ అయింది. ఆలస్యమైతే ఆమె అక్కడ బతుకమ్మ పేర్చుకుని, నేను మాట తప్పాననుకుని, ఫోను ఇంక ముట్టదు. లైనులో నిలబడే, ఒక చేత్తో పూల కొమ్మ పట్టుకుని, వీడియో కాల్ చేశాను. ‘పువ్వు పూసింది’ అని ముందే కోడలికి మెసేజ్ పెట్టడంతో ఈసారి మా ఆవిడే ఎత్తింది. పట్టుచీర, ముఖంలో ఇంకా కోపం.

“ఏది పువ్వు?”

కొమ్మ ఎత్తి చూపించాను. ఆమె కళ్ళు చిన్నవి చేసింది.

“జెర దగ్గర వెట్టుండ్రి. పువ్వు గాదు, ఆకు. ఇది తంగేడని ఎవలు చెప్పిన్రు మీకు?”

“అందరం అనుకున్నం.”

“మీ ఎనక గా లైనేంది? పండుగపూట అంతమంది పొట్టలు వట్టుకొని నిలవడ్డరేంది?”

“ఏం లేదు. రాత్రి తంగేడాకు కషాయం తాగినం. షుగరుకు మంచిదని.”

“ఏ చెట్టు ఆకు?”

“ఈ చెట్టుదే.”

“ఎంత తాగిన్రు?”

“తలా ఒక గ్లాసు. నల్లా మామ రెండు.”

ఆమె నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. “అయ్యో నా తల్లీ! గది మా అన్న చెల్కల ఏసిన సునాముఖి! మందుల కంపెనోళ్ళు బండి తెచ్చి తీస్కపోయేది గదా. మలబద్ధకం ఉన్నోళ్ళకు చిటికెడు ఇస్తరు దాన్ని, చిటికెడు! మీరు గ్లాసులకు గ్లాసులు తాగిన్రా?”

ఆ మాట విని నా వెనక భాయ్ నుదురు కొట్టుకున్నాడు. “సనా మక్కీ! యా అల్లా, చిన్నప్పుడు మా నానీ తాపిచ్చేది సాబ్! ఒక్క చెంచా!” అని గోడకు జారగిలబడ్డాడు. ముందునుంచి నల్లా మామ నీరసంగా, “చెల్లె, రెండు గ్లాసులు తాగినోడు బతుకుతడా?” అని అడిగాడు.

అంతే, ఆమె మొదలుపెట్టింది. ముందు కొంగులో, తర్వాత కొంగు వదిలేసి, తర్వాత మంచం మీద కూలబడి నవ్వింది. కోడల్ని పిలిచి చెప్పింది. కోడలు నవ్వింది. బతుకమ్మ పేర్చడానికి పూలు పట్టుకుని వచ్చిన పక్కింటి ఆడవాళ్ళకు ఫోను తిప్పి లైను మొత్తం చూపించింది. “నా మొగుడు చూడుండ్రే! తంగేడు పెంచిండట!” మళ్ళీ నవ్వు. ఊపిరి అందక కళ్ళు తుడుచుకుని, “మాత్రలేసుకున్నరా? ఉప్పు-చక్కెర నీళ్ళు తాగుండ్రి. దినాం ఫోన్ చెయ్యుండ్రి, ఎట్లున్నరో చెప్పుండ్రి,” అంది. అని, నా ముఖం చూసి మళ్ళీ మొదలుపెట్టింది.

అప్పుడే ఎదురుగా తలుపు తెరుచుకుంది. నా వంతు. అప్పటికే ఒక చుట్టు పూర్తి చేసుకుని, లైను చివరిదాకా నడిచే ఓపిక లేక నా వెనకే దూరిన నల్లా మామ, “సారు, జల్ది పోండ్రి,” అన్నాడు, కాళ్ళు మెలిపెట్టుకుని.

“నువ్వు పో మామా,” అన్నాను.

సౌదీ వదిలి వచ్చేశాను కాబట్టి ఇప్పుడు ఇంట్లో ఆమె పక్క గదిలోనే ఉంటుంది, ఎప్పుడంటే అప్పుడు పిలవవచ్చు. అయినా సులైలో ఆ పొద్దుటి ఎండలో, వాడిపోయిన కొమ్మ ఒక చేత, ఫోను ఒక చేత, చెమటలు కక్కుతూ తన వంతు ఇంకొకరికి ఇచ్చేసిన ఆ మనిషిని తలుచుకుంటే నాకు జాలీ, నవ్వూ కలిసే వస్తాయి. తర్వాతి తలుపు తెరుచుకున్నప్పుడు కూడా వెళ్ళలేదతను. ఆమె ఇంకా నవ్వుతూనే ఉంది మరి.