చెరుకుపిప్పి పొగ

పోయిన నెల ఒక పొద్దున బావ ఫోన్ చేసి "అమ్మ పోయింది" అన్నాడు. దమ్ముతో, ఊపిరాడని ఉబ్బసంతో, ఆమె ఏడాదిగా మంచానికీ ఆసుపత్రికీ మధ్య తిరుగుతూనే ఉంది. పోయింది మా మేనత్త. మా బాపుకు చెల్లెలు, చిన్నాయనకు అక్క. ఆ ఇద్దరి నడుమ పుట్టడమే ఆమె చేసుకున్న పాపం అని నేనంటే మా ఇంట్లో కోపాలు వస్తాయి. రానీ.

ఎడపల్లిలో అత్త ఇంటికి ఎవరు వెళ్లినా తిన్నగా పెరట్లోకే నడిచేవాళ్లు. అక్కడ పాత నూనె డ్రమ్ము ఒకటి ఉండేది. అత్త దాంట్లో అడుగున చెరుకుపిప్పి రాజేసి, పైన ఇనుప చువ్వకు మేక పక్కటెముకలు, మా దిక్కు పక్కబొక్కలంటాం, వేలాడదీసి, తడిపిన గోనెసంచి కప్పేది. మామ చక్కెర ఫ్యాక్టరీలో పని చేసిన రోజుల్లో రసం పిండగా మిగిలిన పిప్పి ఇంటికి వచ్చేది. ఆ అలవాటు అప్పటిది. తర్వాత మామ పోయాడు, ఫ్యాక్టరీ మూతపడింది. అత్త మాత్రం బోధన్‌లో చెరుకురసం బండ్ల చుట్టూ తిరిగి పిప్పి అడుక్కొచ్చి ఎండబెట్టుకునేది.

ఉప్పు, పసుపు, కారం, అల్లం వెల్లుల్లి, కాస్త పచ్చి బొప్పాయి నూరి ముందురోజే పట్టించేది. పొద్దున రాజేస్తే మధ్యాహ్నం దాకా పీట వేసుకుని అక్కడే. మంట లేచిందా, చెంబుతో నీళ్లు చిలకరించేది. "మంట ఆకలికి, పొగ సోపతికి" అనేది, సోపతంటే స్నేహం. ఆకలైన చుట్టాలు గొణిగేవాళ్లు, ఆమె వినేది కాదు. ఇప్పుడు నిజామాబాద్ హోటళ్లలో ఇట్లాంటిదే ఏదో పెద్ద పేరు పెట్టి అమ్ముతున్నారు. తిన్నాను. దండుగ.

ఒక్క పట్టుదల మాత్రం ఉండేది. కటికాయన ఆ బొక్కల మీద కత్తి పెట్టొద్దు. ఒక పక్క మొత్తం ఒక్కటిగానే రావాలి, ఒక్కటిగానే పొగలో మగ్గాలి, బంతిలో ఇద్దరి నడుమ ఆకులో పెడితే ఆ ఇద్దరూ చెరో కొస పట్టుకుని విరుచుకోవాలి. చిన్నప్పుడు వాళ్లింట్లో బాపు, చిన్నాయన అట్లాగే తినేవాళ్లట. పెద్దముక్క ఎవరికొస్తే వాళ్లు అరుగు చుట్టూ ఉరికేవాళ్లట. ఆ మాట చెప్తున్నప్పుడే అత్త నవ్వేది, లేకపోతే నవ్వు తక్కువ మనిషి.

నిజాంసాగర్ నీళ్లు సరిగా రాని ఒక ఏడు చిన్నాయన చెరుకు నిలువునా ఎండిపోయింది. తన వంతు రోజు తూము మూసింది అన్ననే అని ఆయన పదిమందిలో అన్నాడు. ముట్టలేదని బాపు దేవుడి మీద ఒట్టేశాడు. ఎవరిది నిజమో నాకు ఇప్పటికీ తెలియదు. అత్తకూ తెలియదు, తెలుసుకోవాలనీ లేదు. ఎండిన చెరుకు మళ్లీ పచ్చగాదు, నాకు అన్న గావాలె, తమ్ముడు గావాలె అని మాత్రం అడిగినవాళ్లందరికీ చెప్పేది. అప్పటినుంచి అన్నదమ్ములు ఒకరింట్లో ఒకరు నీళ్లు ముట్టలేదు. ఒకే ఊళ్లో ఉంటారు, ఒకే దారిన పొలం పోతారు.

అందుకే ఏటా చెరుకు నరికాక అత్త చుట్టాలందరినీ పిలిచేది. పిలిచేది అందరినే, చూసేది ఇద్దరి కోసమే. మొదటిసారి బాపు గేటు దాకా వచ్చి, లోపల తమ్ముడి బండి చూసి, స్కూటర్ అట్నుంచటే తిప్పేశాడు. అత్త మసాలా చేతులతోనే రోడ్డు మీదికి ఉరికి "అన్నా, అన్నా" అని పిలిచింది. ఆయన తిరిగి చూడలేదు. మరుసటేడు చిన్నాయన అదే పని చేశాడు. పంతానికి మాత్రం అచ్చం అన్నదమ్ములే.

తర్వాత ఆమె దిగొచ్చింది. మధ్యాహ్నం ఒకరికి, సాయంత్రం ఒకరికి, రెండు పక్కలు వేరువేరుగా పొగబెట్టడం మొదలుపెట్టింది. ఇంత తిప్పలెందుకత్తా, వదిలేయరాదా అన్నాను.

"మేకకు పక్కలు రెండుంటయి బిడ్డా, ఎన్నుపూస ఒక్కటే," అంది.

దమ్ము పెరిగాక డాక్టర్ పొగ దగ్గరికే పోవద్దన్నాడు. అయినా కిందటేడు చివరిసారి కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని డ్రమ్ము ముందు కూర్చుంది. బావ అరిచి అరిచి ఊరుకున్నాడు. ఈసారి ఒక్క పక్కనే పెట్టింది. ఇద్దరికీ మధ్యాహ్నమే రమ్మని చెప్పింది. ఇద్దరూ రాలేదు. చుట్టాలు మిగతా కూరలతో తిని చేతులు కడుక్కున్నా దాన్ని ఎవరినీ ముట్టనియ్యలేదు. పొద్దు వాలాక పక్కింటికి పంపించింది. ఆమె మళ్లీ పిప్పి రాజెయ్యలేదు.

ఆసుపత్రికి మాత్రం ఇద్దరూ వచ్చారు, ఒకరు పొద్దున, ఒకరు సాయంత్రం. అక్కడా వేళలు చూసుకునే వచ్చారు. "ఇద్దరు కలిసొస్తే నవ్వుకుంట పోదును," అంది నాతో. "గిట్లొస్తే నాకు రెండుసార్లు ఏడుపొస్తున్నది." ఆ మాట నేను ఇద్దరికీ చెప్పాను. బాపు తల వంచుకున్నాడు. చిన్నాయన కళ్లు తుడుచుకున్నాడు. నాకు ఆశ పుట్టింది, తప్పు నాది కాదు, ఎవరికైనా పుడుతుంది.

దినాల నాడు డ్రమ్ము నేనే రాజేశాను. పిప్పి నిజామాబాద్ బస్టాండు దగ్గర రసం బండి నుంచి తెచ్చాను. మాంసం ఒక కొస మాడింది, ఒక కొస పచ్చిగా ఉంది. అత్త చేతిలో ఉన్నది నా చేతిలో లేదు. నలుగురూ చూస్తున్నారని పెద్దమనుషులు ఇద్దర్నీ ఒకే బంతిలో, పక్కపక్కనే కూర్చోబెట్టారు. ఇన్నేళ్లు ఆమె పడిగాపులు పడ్డది ఈ కూర్చోవడం కోసమే. నేను ఆ పక్కను కొయ్యకుండా తెచ్చి ఇద్దరి నడుమ ఆకులో పెట్టాను.

ఇద్దరూ దాన్ని చూశారు. చిన్నాయన చెయ్యి అన్నం మీదే ఆగింది. బాపు గొంతు సవరించుకుని నాతో అన్నాడు:

"ఆయనకే పెట్టు బిడ్డా. నాకు పండ్లు నొస్తున్నయి."

తమ్ముణ్ని "ఆయన" అన్నాడు. చిన్నాయన ఆకు మడిచి లేచాడు. ఆ వెనకే బాపు లేచాడు. అత్త ఉండి ఉంటే కొంగు దులుపుకుని వచ్చే ఏటి సంగతి మాట్లాడేది. నేను అత్తను కాను. ఆ ఆకు ఎత్తి ఎంగిలాకుల గంపలో పడేశాను.

ఇద్దరిదీ ఒకే ఊరు, ఒకే దారి. బాపు స్కూటర్ ముందు కదిలింది. చిన్నాయన తన బండి ఎక్కి తాళం తిప్పలేదు, హ్యాండిల్ మీద చేతులేసి ఊరికే కూర్చున్నాడు. బాపు కాలువ కట్ట మలుపు తిరిగి, ఆయన లేపిన దుమ్ము కూడా అణిగిపోయి, దారి మీద ఎవరూ పోనట్టు అయ్యాక అప్పుడు స్టార్ట్ చేశాడు.