వాననాటి ప్రాక్టీసు

హిందూపురంలో మా కాలేజీకి బాస్కెట్‌బాల్ కోర్టు వచ్చినప్పుడు దాని రింగులు చేసింది బండి చక్రాలకు ఇనుప పట్టాలు వేసే కమ్మరి. ఆయన చేతిలో అంత చిన్న చక్రాలు ఎప్పుడూ పడలేదు కాబోలు, ఒకటి కాస్త కోలగా వచ్చింది. మా డ్రిల్లు మాస్టరు దాని కింద నిలబడి, నడుం మీద చేతులు పెట్టుకుని చాలాసేపు చూశాడు.

"ఉండనీలేప్పా. ఈ రింగులో బంతి ఏసేటోడు యా ఊర్లోనైనా ఏస్తాడు" అన్నాడు.

అరవైల మొదట్లో మాట ఇది. నాకు ఆరడుగులు దాటిన ఎత్తు తప్ప ఇంకే ప్రతిభా లేదని మా లెక్చరర్లందరూ కలిసికట్టుగా తేల్చేశారు. ఆ ఎత్తుకూ ఒక పని ఉందని, అది రింగు కింద నిలబడి బంతి అందుకోవడమని చెప్పినవాడు డ్రిల్లు మాస్టరు ఒక్కడే. అందుకే ఆయనంటే నాకు ప్రాణం. ఆయన మీద నాకు వచ్చినంత కోపం కూడా ఇంకెవరి మీదా రాలేదు.

ఆయనది పెనుకొండ. కొన్నాళ్ళు పటాలంలో పనిచేసి వచ్చాడు. ఉద్యోగానికి కాగితాల మీద పెద్ద ఇంగ్లీషు పేరే ఉండేది గానీ ఊరంతా డ్రిల్లు మాస్టరనే పిలిచేది. గంజి పెట్టిన ఖాకీ నిక్కరు, మెడలో విజిల్. మ్యాచ్ జరుగుతున్నంతసేపూ గీత పక్కన అటూ ఇటూ నడిచేవాడే తప్ప కూర్చునేవాడు కాదు. బెంచీ అనేది తప్పు చేసినవాళ్ళ కోసం వేసిందని ఆయన నమ్మకం. ఆయన రూలు ఒకటే: "ప్రాక్టీసుకు రానోడు బెంచీ మీద కూచుంటాడు." జ్వరం వచ్చినా అంతే, చెల్లెలి పెండ్లి అయినా అంతే.

ఆయన బలహీనత కూడా ఒకటే. పెనుకొండ దాటాక రైలు కట్ట పక్కన ఆయనకు కొంచెం మెట్ట చేను ఉండేది. మ్యాచ్ కోసం ధర్మవరం వైపు పోయినప్పుడల్లా ఆ చోటు వచ్చేసరికి లేచి, మమ్మల్నందరినీ కిటికీల దగ్గరికి తోసేవాడు.

"అద్దో, ఆ చింతచెట్టు ఉండాదే, దాని కాడ్నించి ఆ గుండ్రాయి దాకా మనదే."

మేము ప్రతిసారీ అప్పుడే మొదటిసారి చూసినట్టు "అవునా సార్" అనేవాళ్ళం. అనకపోతే తిరిగి వచ్చేటప్పుడు మళ్ళీ చూపించేవాడు. అంటే కూడా చూపించేవాడనుకోండి.

ప్రిన్సిపాల్ గారు కృష్ణా కాలవల కింద పుట్టి పెరిగిన మనిషి. వాన పడకపోతే పంట ఉండదన్న సంగతి ఆయనకు పుస్తకాల ద్వారా తెలుసు. హిందూపురం వచ్చిన రోజు ఒక నల్ల గొడుగు తెచ్చుకున్నారు. దాన్ని వానకు తెరిచే భాగ్యం ఏడాదికి ఏ రెండు మూడు సార్లో దొరికేది. అయినా చేతిలోంచి వదిలేవారు కాదు. ఇంగ్లీషు పాఠం బాగా చెప్పేవారు. క్రమశిక్షణ అన్న మాటను అంతకంటే బాగా చెప్పేవారు.

వీళ్ళిద్దరి గదుల మధ్య తలెత్తు గోడ మాత్రమే ఉండేది, పైకప్పు దాకా లేదు. ఇద్దరికీ మాటలు లేని రోజుల్లో మమ్మల్ని పిలిచి తిట్టుకునేవాళ్ళు. ఆటగాళ్ళకు శిక్ష వేసే అధికారం ఎవరిదన్నదే తగాదా. ప్రిన్సిపాల్ గారు మాలో ఒకణ్ణి గదిలోకి పిలిచి, "ఏమయ్యా, నిక్కరుతో క్లాసుకు రావడమేమిటి? మీకు చెప్పే పెద్దలు లేరూ?" అని గోడకు వినబడేలా అడిగేవారు. గోడకు అవతల డ్రిల్లు మాస్టరు ఇంకొకణ్ణి నిలబెట్టి, "ఏమబ్బా, నా పిల్లోల్ని మందలించనీకి నేను చచ్చిపోతినా?" అని అరిచేవాడు. మధ్యలో మేము అటొకడు, ఇటొకడు, ఎవరికి జవాబు చెప్పాలో తెలియక తలలూపేవాళ్ళం.

ఆ ఏడాది ధర్మవరం క్లబ్బుతో మ్యాచ్ ఒప్పుకున్నారు. వాళ్ళు మగ్గాల ఇండ్ల పిల్లలు, పొట్టివాళ్ళు, బంతి వాళ్ళ చేతుల్లో ఉన్నప్పుడు మాకు కనబడేది కాదు. అంతకుముందు ఏడాది మమ్మల్ని ఏడిపించి పంపారు. ఈసారి నేను ఉన్నాను, రింగు కింద ఒక్క బంతీ వాళ్ళకు దొరకదు అని డ్రిల్లు మాస్టరు ఊరంతా చెప్పుకున్నాడు. ప్రిన్సిపాల్ గారితో ఇంకో అడుగు ముందుకేసి, "నా పిల్లోల్లు ఒక్క పొద్దు కూడా ప్రాక్టీసు ఎగ్గొట్టరు సార్, రాసిపెట్టుకోండి" అన్నాడు. నేను ఆ మ్యాచ్ కోసమే బతుకుతున్నట్టు ఉండేది. తినేటప్పుడూ బంతే, నిద్రలోనూ బంతే.

అప్పుడు వాన పడింది.

మాది పెనుకొండ దగ్గర, ఎర్రమంచి పక్క పల్లె. ఆ ఏడు అప్పటిదాకా విత్తనాల వాన రానే లేదు. ఆషాఢం ఎండలతోనే పోయింది. శనక్కాయలు వొలిచి ఇండ్లలో పెట్టుకుని జనం ఆకాశం వైపు చూస్తున్నారు. ప్రిన్సిపాల్ గారు మేఘాల మీద ఏదో ఇంగ్లీషు పద్యం చెబుతుండగా అసలు మేఘమే వచ్చి కాలేజీ మీద కురిసింది. ఆయన సంతోషించి పద్యం ఇంకోసారి చదివారు. చదివి పుస్తకంలోంచి తల ఎత్తేసరికి వెనక బెంచీలు ఖాళీ. పల్లెల పిల్లలందరం స్టేషన్‌లో ఉన్నాం.

ఆ రోజుల్లో విత్తనాల వాన పడితే పిల్లవాడు ఇంటికి పోవడానికి ఎవర్నీ అడగడు. నేలలో పదును ఆరిపోయేలోగా విత్తాలి. ఊరంతా ఒకేసారి విత్తుతుంది కాబట్టి మనిషి స్వయంగా వచ్చి నిలబడితే తప్ప ఎద్దులు దొరకవు, విత్తే గొర్రు దొరకదు, విత్తనం వేసే ఆడవాళ్ళు దొరకరు. నేను ఇల్లు చేరేసరికి నాయన ఎద్దులు కట్టుకుంటున్నాడు. మ్యాచ్ సంగతి చెప్పాను.

"ఎగిరేది మళ్ళా ఎగురుదువులేరా. ముందు ఆ గొర్రు పట్టుకో" అన్నాడు.

విత్తనాలు అయిపోయాక తిరిగి వచ్చాను. ఆటగాళ్ళలో పల్లెల వాళ్ళం ముగ్గురం. మిగిలిన ఇద్దరూ ఎప్పుడూ బెంచీ మీద ఉండేవాళ్ళే కాబట్టి వాళ్ళకు శిక్ష తగిలినట్టు కూడా తెలియలేదు. తగిలింది నాకే. అదీ రెండు వైపుల నుంచీ. చెప్పకుండా కాలేజీ వదిలినవాడు కాలేజీ తరఫున ఆడడానికి వీల్లేదని ప్రిన్సిపాల్ గారు. ప్రాక్టీసుకు రానివాడు బెంచీ మీద కూర్చుంటాడని డ్రిల్లు మాస్టరు. ఇద్దరూ వేసింది ఒకే శిక్ష. అయినా రాజీ పడలేదు సరికదా, తగాదా ముదిరింది.

"నేను ఏసిన శిక్ష ఆయన ఎట్లా ఏస్తాడు?" అని గోడకు అవతల డ్రిల్లు మాస్టరు.

"నేను వేసిన తరువాత ఆయన వేసేదేమిటి?" అని గోడకు ఇవతల ప్రిన్సిపాల్ గారు.

ఇదంతా చూసి నాకు ఆశ పుట్టింది. ఇద్దరిలో ఎవరో ఒకరు పంతానికి పోయి నన్ను ఆడిస్తారు కదా అనుకున్నాను.

తన ఆజ్ఞ అమలవుతుందో లేదో చూడటానికి ప్రిన్సిపాల్ గారు స్వయంగా మాతో ధర్మవరం బయలుదేరారు, గొడుగుతో సహా. పోయేటప్పుడు రైల్లో ఇద్దరూ ఎదురెదురుగా కూర్చుని క్రమశిక్షణ గురించి వాదించుకుంటూనే ఉన్నారు. పెనుకొండ వచ్చింది, పోయింది. డ్రిల్లు మాస్టరు లేవలేదు. వాదనలో పడి చేను మరిచిపోయాడని మేము నవ్వుకున్నాం.

ప్రిన్సిపాల్ గారు బాస్కెట్‌బాల్ చూడటం అదే మొదలు. కాసేపు కుర్చీలో నిబ్బరంగా కూర్చున్నారు. ధర్మవరం వాళ్ళు వరసగా రింగులో వేస్తుంటే కుర్చీ ముందుకు జరుపుకున్నారు. తరువాత లేచారు. ఆ తరువాత గొడుగును గాలిలో ఊపుతూ గీత దాకా వచ్చేశారు. రింగు కింద మావాళ్ళ చేతులు అందక బంతులన్నీ వాళ్ళకే పోతున్నాయి. ఆయన నా వైపు చూశారు. నేను బెంచీ మీద వీలైనంత పొడుగ్గా కూర్చున్నాను.

"మాష్టారూ! ఆ పొడుగువాణ్ణి దింపండి. నేను క్షమించేశాను!"

డ్రిల్లు మాస్టరు నడక ఆపలేదు. "మీది మీరు క్షమించినారు సార్. నాది ఉండాది."

"శిక్ష వేసే అధికారం నాది, తీసే అధికారమూ నాదే!"

"రూలు రూలే సార్."

కొద్దిలో ఓడిపోయాం. అది ఇంకా బాధ. నేను దిగి ఉంటే గెలిచేవాళ్ళమని అక్కడున్న ప్రతివాడికీ తెలుసు, డ్రిల్లు మాస్టరుతో సహా. నాకు ఏడుపొచ్చింది. ఏం మనిషీయన, ఈయనకు చేను లేదా, వాన పడితే ఏమవుతుందో తెలియదా అని లోపల లోపల తిట్టుకున్నాను.

సాయంత్రం బండిలో తిరిగి వస్తూ, చేను వచ్చే పక్కన కిటికీ దగ్గరే పనిగట్టుకుని కూర్చున్నాను. ఆయన చూపిస్తాడు, నేను "అవునా సార్" అనకూడదు. నా పగ అంత పెద్దది. ఇంకా వెలుతురు ఉంది. కట్టకు రెండు పక్కలా శనక్కాయ మొలకలు సాళ్ళు సాళ్ళుగా పచ్చగా కనిపిస్తున్నాయి. గుండ్రాయి వచ్చింది. ఆయన లేవలేదు. గుండ్రాయి దగ్గర పచ్చదనం ఆగిపోయింది. అక్కణ్ణించి చింతచెట్టు దాకా ఉత్త ఎర్ర నేల. చింతచెట్టు దాటాక మళ్ళీ పచ్చగా మొదలైంది.

ప్రిన్సిపాల్ గారు, పాపం, ఓటమి మరిపించడానికి మాట కలుపుదామనుకున్నారు. "ఏమండీ మాష్టారూ, మీ చేను ఇక్కడే ఎక్కడో ఉందంటారు కదా?"

"దాటిపోయినాది సార్."

"ఏది? ఆ ఎర్రగా ఉన్నదా? ఏమీ వేయలేదేమండీ?"

డ్రిల్లు మాస్టరు అవతలి కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు. "వాన పడిన పొద్దు నాకు ప్రాక్టీసు ఉండె సార్."

"ప్రాక్టీసా? ముగ్గురు రాలేదు కదండీ?"

"ఐదుగురొచ్చినారు సార్."

ఆ వచ్చిన ఐదుగురూ హిందూపురం బజారు పిల్లలు, వాళ్ళకు చేలూ లేవు, పదునూ తెలియదు. వాళ్ళు కూడా తలలు వంచుకున్నారు. నా కోపం ఎటు పోయిందో తెలియలేదు. ఆ ఏడు మళ్ళీ విత్తే వాన రాలేదు.

మరుసటి ఏడాది వాన త్వరగానే వచ్చింది. పాఠం మధ్యలో చినుకులు మొదలవగానే ప్రిన్సిపాల్ గారు పుస్తకం మూసి, వెనక బెంచీల వైపు చూసి, "ఇంకా కూర్చున్నారేమయ్యా?" అన్నారు. ఆ తరువాత గొడుగు వేసుకుని, ఉన్నది పక్క గదే అయినా వరండా అంతా చుట్టి, డ్రిల్లు మాస్టరు గుమ్మంలో నిలబడ్డారు.

"ఆ విజిల్ ఇటివ్వండి. రేపటి ప్రాక్టీసు నేను చూసుకుంటాను."

"మీకు ఆట తెల్దు కద సార్."

"మీకు చేను ఉంది కదండీ."

మేము స్టేషన్‌కు పోయేసరికి డ్రిల్లు మాస్టరు ప్లాట్‌ఫారం చివర నిలబడి ఉన్నాడు, మెడ బోసిగా. మమ్మల్ని చూడనట్టు నటించాడు. మేమూ చూడనట్టు నటించాం. అందరం ఒకే బండిలో పెనుకొండలో దిగాం. అక్కడ కాలేజీ కోర్టులో ప్రిన్సిపాల్ గారు ఆ ఐదుగురు బజారు పిల్లల్నీ చుట్టూ పరుగెత్తించి, విజిల్ ఎప్పుడు ఊదాలో తెలియక మొదటి నుంచి చివరి దాకా ఊదుతూనే ఉన్నారట.

ఆ ఏడు ధర్మవరం వాళ్ళే మా కోర్టుకు వచ్చారు. మ్యాచ్ మొదలయ్యే ముందు నేను ఎవరూ చెప్పకుండానే పోయి బెంచీ మీద కూర్చున్నాను. కాసేపటికి బెంచీ అవతలి కొన కిర్రుమంది. చూస్తే డ్రిల్లు మాస్టరు, గంజి నిక్కరుతో, మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని కూర్చుని ఉన్నాడు. ప్రిన్సిపాల్ గారు గొడుగు పట్టుకుని పరుగెత్తుకొచ్చారు.

"ఇదేమిటి మాష్టారూ, లేవండి! అవతల ఆట మొదలవుతోంది!"

"నేను ప్రాక్టీసుకు రాలేదు సార్."

ఎంత బతిమాలినా లేవలేదు. గీత పక్కన ఆయన నడవాల్సిన నడకంతా ప్రిన్సిపాల్ గారే నడిచారు. డ్రిల్లు మాస్టరు కాళ్ళు మాత్రం కూర్చున్న చోటే అదురుతూ ఉన్నాయి. చెయ్యి ఊరకే మెడ దాకా పోయి విజిల్ కోసం వెతుక్కుని దిగేది. ధర్మవరం వాళ్ళు మమ్మల్ని మళ్ళీ ఉతికేశారు. మధ్యలో ఆయన, కోర్టు మీంచి చూపు తిప్పకుండానే అడిగాడు.

"మీ చేన్లో ఎట్లుండాది?"

"బాగా మొలిచినాది సార్. మీదో?"

ఆయన చెయ్యెత్తి, అక్కడ లేని కిటికీలోంచి చూపించినట్టు, రింగు అవతలికి చూపించాడు.

"చింతచెట్టు కాడ్నించి గుండ్రాయి దాకా. సాలు తప్పకుండా."

"అవునా సార్" అన్నాను.