సారు తిన్న రొట్టె

కొత్త జొన్నపిండితో హులిగమ్మ తట్టిన మొదటి రొట్టె, పీట మీది నుంచి పెనం మీదికి పోయే దారిలో మూడు ముక్కలైంది. ఒకటి పెనం మీద పడింది. ఒకటి పొయ్యిలో పడింది. మూడోది గడపలో పడుకున్న కుక్క ముందర పడింది. కుక్క దాన్ని వాసన చూసి, లేచి, కొంచెం అవతలికి పోయి పడుకుంది.

ఆదోని నుంచి ఎమ్మిగనూరు పోయే దారిలోని ఆ పల్లెలో రొట్టె అంటే హులిగమ్మే. పెళ్లి ఎవరింట్లో అయినా పిండి ముందర కూర్చునేది ఆమె. ఆమె రొట్టెను రుమాలులా మడిచి చేనికి కట్టుకుపోయేవారు. ఆమెకున్న ఆస్తి ఆ పేరే.

అందుకే విత్తనాల సారు దేవేంద్రప్ప ఆమె ఇంటిని ఎంచుకున్నాడు. డెబ్బైల మొదట్లో ఆయన ఊరూరా హైబ్రిడ్ జొన్న గురించి చెప్పుకుంటూ తిరిగేవాడు. గింజ ఎక్కువ కాసే జాతిని తల్లిగా, దంటు పొట్టిగా ఉండే జాతిని తండ్రిగా పెట్టి పుట్టించారట. రెండింతలు పండుతుందట, ఇక కరువు మాటే ఉండదట. రైతులు అంతా విని, "రొట్టె అయితాదా సారూ?" అని మాత్రం అడిగేవారు. దానికి జవాబుగా సారు ఆ కొత్త జొన్నల పిండి తెచ్చి హులిగమ్మ చేతికిచ్చాడు. అది చూడ్డానికే ఆ రోజు హులిగమ్మ భర్త లక్ష్మప్ప వాకిట్లో ఊరు ఊరంతా కూర్చుంది.

రెండో రొట్టె కూడా విరిగింది. నీళ్లు ఇంకా మరగబెట్టింది. పిండిని ఇంకా పిసికింది. అంచులు ఎండాకాలం మడమల్లా పగులుతూనే ఉన్నాయి.

"తల్లీ తండ్రీ బాగానే కుదిరినారు గానీ, బిడ్డకే వంగే గుణం లేదు," అని పొయ్యితో చెప్పుకుంది.

"అయిందామ్మే?" అని వాకిట్లోంచి లక్ష్మప్ప. "సారుకు బస్సు టైమైతాంది."

హులిగమ్మ పెరటి దారిన పక్కింటి ఉచ్చీరమ్మ దగ్గరికి పోయింది. "అక్కా, రేత్రికి మా తమ్ముడొస్తాండాడు, చేటెడు పిండి బదులియ్యి," అంది. ఉచ్చీరమ్మ పాత జొన్నపిండి ఇచ్చి, తలుపు దగ్గరగా వేసి, తానూ వచ్చి వాకిట్లో కూర్చుంది.

సారు గురెల్ల గింజల కారప్పొడి నంజుకుని మూడు రొట్టెలు తిన్నాడు. నాలుగోదాన్ని రెండు చేతులతో గుడ్డలా ఎత్తి పట్టుకున్నాడు. "చూడండప్పా, ఎక్కడన్నా విరిగిందా?"

అందరికంటే ముందు, "మాకు రెండు సంచులు రాసుకో సారూ," అన్నది ఉచ్చీరమ్మే.

హులిగమ్మ చెప్పేద్దామని నోరు తెరిచింది. లక్ష్మప్ప ఆమె వైపు పెళ్లినాడు కూడా చూడనంత గొప్పగా చూస్తున్నాడు. తెరిచిన నోరు మూసుకుంది.

పంట మాత్రం సారు చెప్పినట్టే పండింది. గాదెలు నిండాయి. రొట్టెలు ఇంటింటా విరిగాయి. అత్తలు కోడళ్లను తిట్టారు, కోడళ్లు పెనాన్ని తిట్టారు, చివరికి అందరూ హులిగమ్మ గుమ్మం ఎక్కారు. "ఆ పొద్దు సారుకు ఎట్ల తట్టినావో మాకూ సెప్పు."

నీళ్లు బాగా మరగాలంది. పిండి సన్నగా జల్లించాలంది. చింత కట్టెల మంటైతేనే కుదురుతుందంది. ఆ మాటలు నమ్మి వాళ్లు పోయాక, తలుపు వేసుకుని తనూ తట్టి చూసేది. విరిగేది. పాత జొన్న వెతుకుదామంటే ఊళ్లో పిడికెడు మిగల్లేదు. వచ్చే పెళ్లికి రమ్మంటే, మణికట్టు బెణికిందని పసుపు పట్టు వేసుకుని కూర్చుంది.

మంచి చేతికి పట్టు ఎన్నాళ్లని వేస్తుంది? ఒక పొద్దున ఉచ్చీరమ్మ తన కొత్త జొన్నపిండి తానే తెచ్చి, నలుగురు ఆడవాళ్లను వెంటేసుకుని వచ్చి, పొయ్యి ముందర కూర్చుంది.

"ఆ పట్టు తీసి, మా కండ్ల ముందర ఒకటి తట్టు."

హులిగమ్మ తట్టింది. ఎత్తింది. సగం చేతిలో ఉంది, సగం పీట మీద ఉంది.

"నీ సెయ్యి పోయినాదే హులిగీ," అంది ఉచ్చీరమ్మ. "నీ రొట్టెను నమ్మి ఇత్తనానికి దాసిన పాత జొన్న గూడా తినేస్తిమి. ఊరినంతా ఇట్ల ముంచుతివి గదా."

హులిగమ్మ చేతిలోని సగాన్ని పీట మీది సగం పక్కన పెట్టింది.

"నా సెయ్యి బాగానే ఉండాది అక్కా, ఆ పొద్దు సారు తినింది నీ పిండి."