తొమ్మిదో పుల్ల

మా వదిన గురించి ఎవరైనా అడిగితే నాకు ముందు కోపం వస్తుంది, ఆ తర్వాత నవ్వొస్తుంది. కోపం ఎందుకంటే, నా కుట్టుకొట్టులో పన్నెండేళ్ళు పనిచేసి, కాలరు కుట్టడంలో నన్ను మించిపోయాక, ఒకరోజు సూది పక్కన పెట్టి "బుజ్జీ, నేను ఉపగ్రహాల వాళ్ళ దగ్గర చేరుతున్నా" అంది. నాకు యాభై దాటినా ఆవిడకు నేను బుజ్జినే. ఉపగ్రహాలకు చొక్కాలు కుడతావా అని అడిగాను. "చొక్కాలు కాదు, గొడుగుల్లాంటివి" అంది.

ఎగతాళి అనుకున్నాను గానీ నిజమే చెప్పింది. అక్కడ తయారుచేసేది యాంటెన్నాలు. రాకెట్లో చోటు తక్కువ కాబట్టి, ఒక గదంత వెడల్పుండే యాంటెన్నాను నీళ్ళ బకెట్టులో పట్టేంతగా మడిచి పైకి పంపుతారు. పైకి వెళ్ళాక దాన్ని కట్టి ఉంచిన తాడు ఒక వేడి తీగ తగిలి తెగిపోతుంది. అప్పుడు లోపలి పుల్లలు వాటి బిగువుతో అవే విచ్చుకోవాలి. వడ్రంగి జేబులో ఉండే ఇనుప టేపును వంచి వదిలేస్తే టక్కున నిటారుగా లేస్తుందే, అలాంటి బిగువు. మోటారు ఉండదు, లాగే చెయ్యీ ఉండదు.

పుల్లలు పదహారు. వాటి మీద వెంట్రుక కంటే సన్నని తీగతో అల్లిన బట్ట. ఆ బట్టను కుట్టేదీ, మడిచేదీ మా వదిన. ఇంజనీర్లకు అక్కడ కొదవ లేదు గానీ, తీగబట్టను నలగకుండా మడిచే చెయ్యి వాళ్ళలో ఎవరికీ లేదట. అందుకని దర్జీల కోసం వెతికారు. వెతికి వెతికి నా దర్జీనే ఎత్తుకుపోయారు. అక్కడ ఆవిడ పేరు మడతలమ్మ. తల నుంచి కాలి దాకా తెల్లటి తొడుగు వేసుకుని, కళ్ళు మాత్రం కనిపించేలా గంటల తరబడి నిలబడే పని. ఇంటికొచ్చాక కూడా ఆ చేతులు ఊరుకోవు. పాత పేపర్లు, మా అన్నయ్య జేబురుమాళ్ళు, ఖాళీ సంచులు, దొరికిందల్లా మడిచి పెట్టేస్తుంది. ఒకసారి నేను కొట్టులో కత్తిరించడానికి పరిచిన గుడ్డను కూడా మడిచేసింది. ఆ రోజు మా ఇద్దరికీ మాటల్లేవు.

ఇప్పుడు చెప్పబోయేది నాలుగో యాంటెన్నా సంగతి. సముద్రంలో చిక్కుకున్న పడవలు పంపే పిలుపులు వినడానికి చేసింది. నేల మీద మూడుసార్లు పరీక్ష పెట్టారు. మూడుసార్లూ తెరుచుకుంది. సంతకాలయ్యాయి. గురువారం పెట్టెలో పెట్టి పంపించేస్తారు, ఆ తర్వాత ఎవరూ దాన్ని ముట్టుకోలేరు.

అంతకు ముందు ఆదివారం ఉదయం డాబా మీద బట్టలు ఆరేస్తున్నాం. బట్టలారేసే మడత స్టాండు ఒకటుంది మాకు. దానికీ నాకూ మొదటినుంచీ పడదు. నేను లాగితే సగంలో మొరాయిస్తుంది. ఆ రోజు కూడా దాంతో కుస్తీ పట్టి విసుగెత్తి వదిలేశాను. వదిన వచ్చి అందుకుంది. బుద్ధిగా తెరుచుకుంది.

"నీకు మాత్రం వస్తుందేం? మీ ఇద్దరికీ ఏదో లాలూచీ ఉంది" అన్నాను.

"మెల్లగా లాగాలి బుజ్జీ. నీదంతా దూకుడు."

"మెల్లగా లాగడం కాదు, కింద నుంచి వేలితో తట్టావు."

"నేనా? తట్టలేదే."

"తట్టావు వదినా. ఎడమచేతి మధ్యవేలితో. రోజూ చూస్తూనే ఉన్నా."

"నీ మొహం. ఎందుకు తడతాను?"

పక్కన కూర్చుని పేపరు చదువుతున్న అన్నయ్యను సాక్ష్యానికి పిలిచాను. ఆయన తల ఎత్తకుండానే, "తడుతుంది. గొడుగైనా అంతే, మడతకుర్చీ అయినా అంతే. పెళ్ళయినప్పటి నుంచీ చూస్తున్నా" అన్నాడు.

మూసి మళ్ళీ తెరవమన్నాను. తెరిచింది. వేలు తట్టింది. ఈసారి ఆవిడ కూడా చూసుకుంది. పందెం గెలిచినట్టు చప్పట్లు కొట్టబోయాను గానీ వదిన ముఖంలో నెత్తురు చుక్క లేదు. భుజం మీది తడి దుప్పటి నేల మీద పడిపోయింది. వదిన దాన్ని తీయకుండా పిట్టగోడ మీద కూర్చుండిపోయింది.

అక్కడి నుంచే చెప్పింది. పైన అంతరిక్షంలో బరువు తెలియదు కాబట్టి, ఇక్కడ పరీక్షప్పుడు పుల్లలు వాటి బరువుకి వంగిపోకుండా పైకప్పు నుంచి దారాలతో వేలాడదీస్తారు. ఆ దారాలు చిక్కుపడకుండా చుట్టూ మనుషులు నిలబడాలి. వదిన నిలబడేది తొమ్మిదో పుల్ల దగ్గర. బట్ట మొదలూ చివరా కలిపి కుట్టిన అతుకు సరిగ్గా ఆ పుల్ల మీద వస్తుంది. అక్కడ బట్ట రెండు పొరలు. తన కుట్టు కాబట్టి ఆ చోటు తనకే కావాలని మొదటి రోజే అడిగి తీసుకుంది.

"మూడుసార్లూ నా ఎడమచెయ్యి దాని కిందే ఉంది బుజ్జీ."

"తట్టావా అయితే?"

"అదే తెలీడం లేదు. స్టాండును తడుతున్నానని నాకు తెలుసా ఇప్పటిదాకా?"

నేను ఏమన్నానో రాయడానికి ఇప్పుడు సిగ్గుగా ఉంది. అయినా రాస్తాను. "మూడు పరీక్షలూ పాసయింది, ఇంకేం కావాలి? అంతమంది చదువుకున్నవాళ్ళు కళ్ళల్లో ఒత్తులు వేసుకుని చూశారు. ఉత్త అనుమానంతో వెళ్ళి అందరి కష్టాన్నీ మట్టిపాలు చేస్తావా? నోరు మూసుకుని కూర్చో" అన్నాను. అన్నయ్య కూడా పేపరు మడిచి, నేను చెప్పిందాంట్లో తప్పేం లేదన్నాడు. మాకు భయం. పెద్ద పెద్ద ఇంజనీర్లు మడతలమ్మను అడగందే ముందుకెళ్ళరని వీధిలో అందరికీ చెప్పుకుని తిరిగినదాన్ని నేను. ఆ పరువంతా ఒక వేలి వల్ల పోతుందేమోనని నా బాధ.

వదిన మాతో వాదించలేదు. "పైకెళ్ళాక అది సగంలో ఆగిపోతే ఎవరెళ్ళి తడతారు?" అని మాత్రం అడిగింది. 

సోమవారం పొద్దున్నే వెళ్ళింది. ఆ తర్వాత జరిగిందంతా వదిన చెప్పగా విన్నదే. పదిసార్లు చెప్పించుకున్నాను కాబట్టి చూసినట్టే చెప్పగలను.

పరీక్షల కాగితాల మీద ఆఖరి సంతకం పెట్టే ఆయన్ని అక్కడ పెద్దసారు అంటారు. మాట తక్కువ మనిషి. వదిన ఆయన గదిలో నిలబడి గొడుగు నుంచి బట్టల స్టాండు దాకా అంతా చెప్పింది.

"మీ చెయ్యి తగిలిందా అమ్మా?" అని అడిగాడాయన.

"తెలీదు సార్. తెలీదని చెప్పడానికే వచ్చాను."

మూడు పరీక్షల వీడియోలూ వేశారు. కెమెరాలు పైనుంచి తీసినవి. తీగబట్ట తళతళలాడుతోంది గానీ దాని కింద ఏ చెయ్యి ఏం చేస్తోందో కనపడదు. మూడో దాంట్లో మాత్రం, అంచు దగ్గర, తెల్లటి గ్లవ్ పిసరంత కదిలినట్టుంది. కదిలిందని ఒకరు, నీడేనని ఇంకొకరు. "ఇంకా నయం, రాకెట్టెక్కాక గుర్తు రాలేదు" అని ఒక కుర్ర ఇంజనీరు వెటకారం చేశాడట. ఆ ముక్క విన్నప్పుడు నా ఒళ్ళు మండింది గానీ, నేను డాబా మీద అన్నదానికంటే అదేమీ ఎక్కువ కాదు.

పెద్దసారు గురువారం ప్రయాణం ఆపించాడు. బుధవారం ఇంకో పరీక్ష అన్నాడు. ఈసారి దారాలు చిక్కుపడకుండా పైనే చిన్న చక్రాలు బిగిస్తారు, దగ్గర ఎవరూ ఉండరు.

మళ్ళీ మడవాల్సింది వదినే. రెండు రోజులు పట్టింది. ఎప్పుడూ మడిచినట్టే మడిచింది. ఒక్క మడత బిగువుగా పడినా కావాలని చేసిందంటారు, వదులుగా పడినా అదే మాట అంటారు. మంగళవారం సాయంత్రం ఇంటికొచ్చి అన్నం ముందు కూర్చుని కెలుకుతూ ఉండిపోయింది.

"తెరుచుకోవాలనే కోరుకుంటున్నావు కదా?" అన్నాను.

"తెరుచుకుంటే అందరి ముందూ పిచ్చిదాన్నవుతాను. తెరుచుకోకపోతే ఇన్నాళ్ళూ నా చెయ్యే వాళ్ళను మోసం చేసినట్టు. ఏది కోరుకోవాలో నాకే తెలీడం లేదు బుజ్జీ" అంది.

బుధవారం పదకొండు గంటలకు అందరూ గోడకు ఆనుకుని నిలబడ్డారు. నేల మీద పచ్చ గీత ఒకటి గీశారు, దాన్ని దాటకూడదు. వదిన రెండు చేతులూ వెనక్కి కట్టుకుంది. తాడు తెగింది. పుల్లలు ఒక్కుమ్మడిగా విచ్చుకున్నాయి. ఒకటి, రెండు, ఐదు, పది. తీగబట్ట గదంతా పరుచుకుంది. ఎవరో అప్పుడే చప్పట్లు మొదలుపెట్టారు.

తొమ్మిదో పుల్ల సగం దాకా వచ్చి ఆగిపోయింది.

కదులుతుందేమోనని చూశారు. కదల్లేదు. చప్పట్లు కొట్టిన చేతులు గాల్లోనే ఉండిపోయాయి. బట్ట అక్కడ నలిగిన కొంగులా వేలాడుతోంది. ఆ హాల్లో అందరి కళ్ళల్లోనూ దిగులు కనిపిస్తుంటే, మా వదిన గోడకు జారగిలి నేల మీద కూర్చుని నవ్వడం మొదలుపెట్టింది. నవ్వుతూనే ఏడ్చింది. ముక్కూ మూతీ కప్పిన గుడ్డ తడిసిపోయింది.

"ఎందుకమ్మా నవ్వుతున్నారు?" అని కసిరాడు ఆ కుర్ర ఇంజనీరు.

"ఇక్కడ ఆగింది కదా బాబూ" అంది వదిన. "ఇక్కడే ఆగింది. పైన కాదు."

అప్పటికి గానీ అతనికి తలకెక్కలేదు. పెద్దసారు వచ్చి ఆ తెల్ల తొడుగుతోనే వదిన పక్కన నేల మీద కూర్చున్నాడట.  తర్వాత, "మూడుసార్లు సంతకం పెట్టానమ్మా నేను. మూడుసార్లు" అన్నాడు. ఇద్దరూ అలా కూర్చుని ఆ ఆగిపోయిన పుల్లనే చూస్తూ ఉన్నారట. ఆ సాయంత్రం వదిన ఇంటికొచ్చి రెండు పూటల అన్నం ఒక్కసారే తినేసింది.

సరిచేయడానికి ఆరు వారాలు పట్టింది. పుల్లను పట్టేస్తున్న ఆ రెండు పొరల అతుకును దాని మీద నుంచి తప్పించి, రెండు పుల్లల మధ్య ఖాళీలోకి జరిపింది వదిన. మొత్తం బట్ట విప్పి మళ్ళీ కుట్టడమే. ఆ పుల్ల మొదట్లో ఉండే కీలు కూడా మార్చారు. ఎవరూ దగ్గర లేకుండా నాలుగుసార్లు పరీక్ష పెట్టారు. ఆ పచ్చ గీతను చెరపలేదు, ఇప్పుడు దాని పేరు మడతలమ్మ గీత. పెద్దసారు అయినా సరే దాని వెనకే నిలబడాలి.

రాకెట్టు వెళ్ళింది. యాంటెన్నా తెరిచేది పదకొండో రోజున. ఆ రోజు వదిన సెలవు పెట్టి నా కొట్టుకొచ్చి కూర్చుంది. అక్కడుంటే ప్రాణం నిలవదంది. ఇక్కడ మాత్రం నిలిచిందా? ఒకే ప్యాంటు కాలికి మూడుసార్లు అంచు కుట్టి మూడుసార్లు విప్పింది. కాసేపటికి ఫోను నా చేతిలో పెట్టి, "నువ్వే తియ్యి, నాకు ధైర్యం లేదు" అంది. నాకు మాత్రం ఎక్కడిది? ఫోను మిషను మీద పెట్టి దాన్నే చూస్తూ కూర్చున్నాం.

పన్నెండున్నరకు మోగింది. తీసి, వదినకు కూడా వినపడేలా పెట్టాను.

"అమ్మా, పదహారూ వచ్చాయి" అన్నాడు పెద్దసారు.  "తొమ్మిదోది కూడా. దానంతటదే."

"మళ్ళీ చెప్పండి సార్."

"దానంతటదే తెరుచుకుందమ్మా."

 వదిన ప్యాంటు ముఖానికి అడ్డం పెట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చింది. నేను ఆవిడ భుజం పట్టుకుని అంతకంటే గట్టిగా ఏడ్చాను. నోరు మూసుకోమన్న నా మాట వదిన వినకపోవడం ఎంత మంచిదైందో ఆ క్షణంలో తెలిసింది. ఆ మాట పైకి చెప్పాను కూడా. ఏడుపులో ఆవిడకు వినపడిందో లేదో తెలియదు.

ఆ ప్యాంటు తాలూకు మనిషి సరిగ్గా అప్పుడే వచ్చి గుమ్మంలోనే ఆగిపోయాడు. మా ఇద్దరినీ మార్చి మార్చి చూసి, "ఏమైందమ్మా, ఎవరికేమైంది?" అన్నాడు కంగారుగా.

వదిన ముఖం తుడుచుకుంది.

"ఏమీ కాలేదండీ" అంది. "ఎవరికీ ఏమీ కాలేదు."