మంచి నంబర్ వద్దన్న వదిన

మా వదిన పోయింది. పోయిన సోమవారం పొద్దున చాయ్ పెట్టమని బిడ్డకు చెప్పి, ఆ చాయ్ వచ్చేలోపే పోయింది. కబురు తెలిసి ఛత్రినాకలో మా గల్లీ అంతా వచ్చింది. సంతోష్‌నగర్ బడిలో ఆమె దగ్గర అక్షరాలు దిద్దినవాళ్ళు తమ పిల్లల్ని వెంటబెట్టుకుని వచ్చారు. అందరూ ఆమెను టీచరమ్మ అనే తలచుకున్నారు. నేను మీకు చెప్పాలనుకున్నది వేరే సంగతి. చివరి రెండేళ్ళు ఆమె టీచరు మాత్రమే కాదు, కాలేజీ విద్యార్థి కూడా. ఆమె ల్యాబులో ఎలుకను నేను.

నేను యాకుత్‌పురా స్టేషన్ దగ్గర మిక్సీలు, గ్రైండర్లు బాగుచేస్తాను. చదువు పదో తరగతితో సరి. నాకు నోరు పెద్దది, ఓపిక చిన్నది. మా అన్న పెళ్ళి చేసుకుని ఆమెను ఇంటికి తెచ్చినప్పుడు నాకింకా మీసాలు రాలేదు. అందుకేనేమో, నాకు బట్టతల వచ్చాక కూడా ఆమె నన్ను పోరగాడిలాగే చూసేది.

యాభై దాటాక ఒకరోజు దుకాణానికి వచ్చి, ఆన్‌లైన్ కాలేజీలో చేరానని చెప్పింది. మనిషి ఒంట్లో ఏది ఎట్లా పనిచేస్తుందో చెప్పే చదువట. ఫిజియాలజీ అని దాని పేరు.

"ఈ వయసుల నీకు గీ లొల్లి ఎందుకు వదినా?" అన్నాను.

"నువ్వు మిక్సీ ఇప్పి లోపల చూస్తలేవా? నాకు గూడ చూడాలనున్నది," అంది.

ఆన్‌లైన్ అంటే ఫోన్లో మేడమ్ పాఠం చెబుతుంది, ఈమె వింటుంది, అంతే అనుకున్నాను. ఓ నెలకు పెద్ద అట్టపెట్టె వచ్చింది. అందులో రబ్బరు బుడ్డ నొక్కి చూసే బీపీ మిషన్, స్టెతస్కోప్, మోకాలి మీద కొట్టడానికి చిన్న సుత్తి, ఇంకేవేవో ఉన్నాయి. ఆదివారం పొద్దున ల్యాబు. ఫోన్ ముందు ఒక మనిషిని కూర్చోబెట్టి పరీక్ష చేసి చూపిస్తే మేడమ్ అక్కడినుంచి చూసి మార్కులు వేస్తుంది. ఫోన్ పట్టుకోవడానికి వదిన కూతురు ఉంది. మా ఇంటామెకు స్టెతస్కోప్ చూస్తేనే కాళ్ళు వణుకుతాయి. మిగిలింది నేను.

మొదటి ల్యాబు నాడు నేను చాలా ఆలోచించాను. మేడమ్ ముందు వదిన పరువు నా చేతిలో ఉంది. పొద్దున చాయ్ మానేశాను, సిగరెట్ ముట్టలేదు, చల్లటి మజ్జిగ తాగి గంటసేపు పడుకున్నాను. వెళ్ళి కుర్చీలో దేవుడి పటంలా కూర్చున్నాను. బీపీ బ్రహ్మాండంగా వచ్చింది. మేడమ్ మెచ్చుకుంది. సగం మార్కులు నావే అనుకున్నాను.

తర్వాతి వారం మెట్లు ఎక్కిదిగాక నాడి ఎంత పెరుగుతుందో చూడాలి. మాది మూడంతస్తుల ఇల్లు. నాడి పెరిగితే మార్కులు పోతాయని నా లెక్క. మిద్దె మీదికి వెళ్ళి, ఆయాసం తగ్గేదాకా పావురాలను చూస్తూ నిలబడి, పెళ్ళికొడుకులా మెల్లగా దిగి వచ్చాను. వదిన మణికట్టు పట్టుకుంది. నాడి వెళ్ళినప్పుడు ఎంతుందో అంతే ఉంది. ఫోన్లో మేడమ్ నవ్వి, సార్ రోజూ పరుగెత్తుతారా అని అడిగింది.

వదిన నవ్వలేదు. ఫోన్ పక్కకు తిప్పమని బిడ్డకు సైగచేసి, నా కళ్ళలోకి చూసింది.

"మెట్లెక్కినవా మరిది?"

"ఎక్కిన."

"ఎక్కి?"

"జర ఆగిన. నంబర్ మంచిగ రావాలని గద వదినా. నీ కోసమే."

ఆమెకు అంత కోపం రావడం నేనెప్పుడూ చూడలేదు. గొంతు పెంచలేదు గానీ, నా చెయ్యి వదిలేసింది.

"నాకు మంచి నంబర్ వద్దు. నీ నంబర్ కావాలె. మీ అన్న ఆస్పత్రిల ఉన్నప్పుడు గూడ అందరు నాకు మంచిగనే చెప్పిండ్రు."

నేను మళ్ళీ మెట్లెక్కాను. ఈసారి ఆగలేదు. దిగేసరికి రొప్పుతూ, దగ్గుతూ, కుర్చీ దొరక్క గోడ పట్టుకున్నాను. వచ్చిన నంబర్ చూసి మేడమ్ కంగారుపడింది. వదిన మాత్రం దాన్ని శ్రద్ధగా రాసుకుంది.

అన్న సంగతి మీకు చెప్పాలి. అన్న పోయినప్పుడు వాళ్ళ బిడ్డ ఇంకా ఒళ్ళో ఉంది. కిడ్నీలు పాడైపోయాయని ఆస్పత్రిలో డాక్టర్ మా ఇంటి పెద్దవాళ్ళను పిలిచి చెప్పాడు. ఆడమనిషి తట్టుకోలేదని వాళ్ళు వదినకు చెప్పలేదు. పోరగాడినని నాకూ చెప్పలేదు. టెస్టులన్నీ మంచిగున్నయి, పది రోజుల్ల ఇంటికొస్తడు, ఏం ఫికర్ లేదు అన్నారు. మా వైపు పద్ధతే అంత, మీ ఇళ్ళల్లోనూ అంతేనేమో. రోగికి, రోగి పెళ్ళానికి తప్ప అందరికీ తెలుస్తుంది. మనిషి నీరసంగా ఉన్నాడని వదిన రోజూ బస్సెక్కి కొబ్బరినీళ్ళు తీసుకెళ్ళి తాగించేది. అన్న ఇంటికి రాలేదు. ఎందుకు రాలేదో ఆమెకు సరిగ్గా చెప్పినవాళ్ళు లేరు. అడిగితే ఆయుష్షు అంతే అన్నారు. బిడ్డ పెద్దదై ఉద్యోగంలో చేరి, జీతం తెచ్చి చేతిలో పెట్టి ఏం కావాలమ్మా అని అడిగితే, ఈ చదువు కావాలంది.

ఇదంతా ఏడుపు కథ అనుకోకండి. ఆషాఢంలో ఒక ఆదివారం బోనాలు, ల్యాబు ఒక్కసారే పడ్డాయి. గల్లీలో డప్పులు. స్టెతస్కోప్ చెవిలో పెట్టుకుంటే నా గుండెకు బదులు డప్పే వినిపిస్తోంది. వదిన నన్ను స్నానాలగదిలోకి తోసి, తలుపేసి, ఇద్దరి మీదా రజాయి కప్పింది. బయట మా ఇంటామె తలమీద బోనంతో నిలబడి, "అమ్మవారు ఆగుతదా మీ కోసం?" అని అరుస్తోంది. లోపల వదిన, "మరిది, ఊపిరి మెల్లగ తీస్కో, నవ్వకు" అంటోంది. తానే ఎక్కువ నవ్వింది. ఆ వారం నంబర్ నవ్వుతో కలిపి వచ్చిందని మేడమ్‌కు ఉన్నదున్నట్టు చెప్పేసింది.

పాఠం ఇంగ్లీషులో ఉండేది. వదిన ఒక్కో మాటనూ తెలుగు అక్షరాల్లో రాసుకుని, వంట చేస్తూ పైకి చదివేది. తనకు అర్థమైందో లేదో చూసుకోవడానికి నాకు చెప్పేది. నాకు అర్థమైతే ఆమెకు అర్థమైనట్టు. "నీ బుర్రకెక్కిందంటే ఇగ ప్రపంచంల ఎవ్వరికైన ఎక్కుతది" అనేది. నేను కోపం తెచ్చుకున్నట్టు నటించేవాణ్ణి. నిజానికి ఆ పాఠాల కోసం ఆదివారం దుకాణం తీయడం మానేశాను.

కిడ్నీ పాఠం వచ్చిన వారం ఆమె నాకేం చెప్పలేదు. మరుసటి ఆదివారం ల్యాబు లేదంది. ఆ తర్వాతి వారం కూడా లేదంది. అట్టపెట్టె మంచం కిందికి పోయింది. ఏమైందని నేనే వెళ్ళి అడిగాను. వంటింట్లో నేలమీద కూర్చుని ఉంది.

"కొబ్బరినీళ్ళల్ల పొటాషియం ఉంటదంట మరిది. కిడ్నీలు మంచిగుంటే అది బయటికి పోతది. పాడైనోళ్ళకు ఒంట్లనే పేరుకుంటది. గుండె ఆగిపోతదంట."

నేనూ ఆమె పక్కన నేలమీద కూర్చున్నాను.

"నా చేతులతోటి తాగిపిచ్చిన. రోజు తాగిపిచ్చిన."

"నీకెవ్వరు చెప్పలే గద వదినా," అన్నాను.

"ఆఁ. ఎవ్వరు చెప్పలే," అంది. "చెప్తే ఏడుస్తనన్నరు. ఏడుస్తుంటి. గని నీళ్ళు తాగిపియ్యకపోతుంటి," అంది.

ఇక చదువు మానేస్తుందనుకున్నాను. మానేస్తే మంచిదే అని కూడా అనుకున్నాను. ఆమె పట్ల నాకున్న ప్రేమ అటువంటిది, తెలివితక్కువ ప్రేమ. మూడో ఆదివారం పొద్దున్నే ఆమె అట్టపెట్టె చంకన పెట్టుకుని మా గుమ్మంలో నిలబడింది. "చాయ్ తాగినవా? తాగితే తాగినవని చెప్పు" అంది. ఆ తర్వాత గల్లీలో ఎవరింటికి ఆస్పత్రి కాగితం వచ్చినా ఆమె దగ్గరికి వచ్చేవాళ్ళు. ఆమె మందులు చెప్పేది కాదు, రోగం పేరు కూడా చెప్పేది కాదు. డాక్టర్‌ను ఏమడగాలో చెప్పేది. అడగడానికి సిగ్గుపడకండని చెప్పేది.

పోయిన చలికాలంలో ఆమెకే ఆయాసం మొదలైంది. ఆస్పత్రిలో గుండెకు ఎకో తీశారు. డాక్టర్ నన్నూ బిడ్డనూ పక్కకు పిలిచాడు. గుండె కండరం బాగా నీరసపడిందని, అరవై దాకా ఉండాల్సిన నంబర్ ఇరవైకి దిగిందని, మందులతో కొన్ని నెలలు చూద్దామని అన్నాడు. వరండాలోకి రాగానే బిడ్డ నా చెయ్యి పట్టుకుంది.

"అమ్మకు చెప్పకు కాకా. మంచిగనే ఉన్నదని చెప్పు. నీకు దండం పెడ్త."

పిల్ల ముఖం చూస్తే సరే అనేశాను. లోపలికి వెళ్ళాను. వదిన మంచం మీద కూర్చుని తన కాలి మీద బొటనవేలితో నొక్కి, ఆ గుంట ఎంతసేపటికి పూడుతుందో చూసుకుంటోంది.

"ఏమన్నడు?"

"అంత మంచిగనే..." అన్నాను.

ఆమె తలెత్తి నా కళ్ళలోకి చూసింది.

"మెట్లెక్కినవా మరిది?"

తల దించుకుని, "ఇరవై వదినా," అన్నాను.

ఆమె కళ్ళు మూసుకుంది. నేను ఏం చేశాన్రా దేవుడా అనుకున్నాను. కొంతసేపటికి కళ్ళు తెరిచి, నా చెయ్యి తన రెండు చేతుల మధ్య పెట్టుకుంది.

"సరే. మీ అన్నకు ఈ మాట చెప్పేటోళ్ళు లేకుండె. బిడ్డను పిలువు, మాట్లాడుకుంటం."

ఆ మధ్యాహ్నమంతా తల్లీకూతుళ్ళు మాట్లాడుకున్నారు. ఏం మాట్లాడుకున్నారో నాకు తెలియదు. బయటికి వచ్చేసరికి పిల్ల కళ్ళు వాచిపోయి ఉన్నాయి, ముఖం మాత్రం నెమ్మదిగా ఉంది. నామీద కోపం చేయలేదు. ఆ తర్వాత వదిన ఇంటికి వచ్చింది. వీపు వెనక దిండ్లు పెట్టుకుని, మధ్యమధ్య ఆగి ఊపిరి తీసుకుంటూ ల్యాబులు చేసింది. ఒక్కటే మిగిలిపోయింది.

నిన్న ఆదివారం. చావింట్లో కూర్చుని ఉన్నాం. వదిన ఫోన్లో ల్యాబుకు పెట్టుకున్న అలారం మోగింది. దాన్ని ఆపాలని ఎవరికీ తోచలేదు. నేను చొక్కా చెయ్యి పైకి మడిచి ఉన్నానని అప్పుడు చూసుకున్నాను. ఎప్పుడు మడిచానో నాకే తెలియదు. బిడ్డ అది చూసి, లోపలికి వెళ్ళి, అట్టపెట్టె తెచ్చి నా ఎదురుగా కూర్చుంది. ఇన్నాళ్ళూ ఫోన్ పట్టుకున్న పిల్ల, ఎప్పుడూ మిషన్ ముట్టలేదు.

"చాయ్ తాగినవా కాకా?"

"రెండు తాగిన."

"సిగరెట్?"

"ఒకటి."

తల్లి చుట్టినట్టే నా జబ్బకు పట్టీ చుట్టింది. స్టెతస్కోప్ చెవుల్లో పెట్టుకుని బుడ్డ నొక్కింది. చెయ్యి బిగుసుకుంది. గాలి మెల్లగా వదులుతూ ముల్లు వైపు చూసింది. అంతా దిగిపోయాక కూడా చూస్తూనే ఉంది.

"ఎంత?" అన్నాను.

"కండ్లల్ల నీళ్ళొచ్చినయి కాకా, సరిగ కనవడలే," అంది. "మళ్ళ చూస్త."

నేను చెయ్యి అట్లాగే చాపి కూర్చున్నాను.