సార్ నడిచొచ్చిన బంద్ రోజు

మా ఎలక్ట్రానిక్స్ సార్ పోయారని మొన్న పొద్దున వాళ్లమ్మాయి ఫోన్ చేసింది. నేను ఆస్పత్రిలో ఈసీజీ మెషిన్ బాగుచేస్తున్నాను. చేతిలో స్క్రూడ్రైవర్ పక్కన పెట్టేశాను. ఆయన గురించి మీకు చెప్పాలనిపించింది.

దిల్‌సుఖ్‌నగర్‌లో ఓ చిన్న పాలిటెక్నిక్‌లో ఆయన మాకు పాఠాలు చెప్పేవారు. కోస్తా నుంచి వచ్చి ఎల్బీ నగర్‌లో స్థిరపడ్డ మనిషి. సుద్దముక్క చొక్కా జేబులో వేసుకుని మరిచిపోయేవారు. జేబెప్పుడూ తెల్లగానే ఉండేది. “ముందు నల్ల వైరు, తర్వాతే మిగతావి,” అనేవారు. మేం నవ్వుకునేవాళ్లం.

తెలంగాణ ఉద్యమం జోరుగా ఉన్న రోజులవి. నల్లగొండ పల్లె నుంచి వచ్చిన నాకు ఆవేశం ఎక్కువ. మార్కులు తగ్గాయని ఒకరోజు క్లాసులోనే లేచి, “మీ ఆంధ్ర సార్లకు మేం పాసవుడు ఇష్టం లేదు,” అన్నాను. ఆయన బోర్డు తుడిచి వెళ్లిపోయారు.

వారం తర్వాత ప్రాజెక్టు పరీక్ష. నా ప్రాజెక్టులో నాడి లెక్కపెట్టే సర్క్యూట్ బోర్డు ఒకటి, అంకె చూపించే బోర్డు ఒకటి. దేని బ్యాటరీ దానిదే. విడివిడిగా బాగానే పనిచేస్తున్నాయి. కలిపితే పిచ్చి అంకెలు. పరీక్షకు ముందురోజు బంద్. గడ్డిఅన్నారంలోని కిరాయి గదిలో నేను ఏడుస్తుంటే, రూమ్మేట్ నాకు చెప్పకుండానే సార్‌కు ఫోన్ చేసింది.

బస్సుల్లేవు, ఆటోల్లేవు. ఎండలో ఎల్బీ నగర్ నుంచి నడిచొచ్చారాయన.

“రెండిటి మధ్య ఎన్ని వైర్లు వేశావమ్మా?”

“ఒక్కటే సార్. సిగ్నల్ వైరు.”

“నువ్వు మేడ మీద నుంచి ఎత్తు కొలిచి పదడుగులన్నావనుకో. నేను రోడ్డు మీద నుంచి కొలిచి పదడుగులన్నాను. రెండూ ఒకటేనా?”

“ఎట్లయితయ్ సార్?”

“వోల్టేజీ కూడా అంతే. ఎక్కడి నుంచి కొలవాలో రెండు బోర్డులకీ తెలియాలి కదా. రెండిటి మైనస్‌లూ కలుపు.”

నల్ల వైరుతో కలిపాను. సెన్సర్ మీద వేలు పెట్టాను. ఎనభై ఆరు. అంకె నిలిచింది.

“సార్, ఆ రోజు నేను…”

“మంచినీళ్లుంటే ఇవ్వమ్మా,” అన్నారు. తాగి, గ్లాసు ఆయనే కడిగి బోర్లించారు. “రేపు కంగారు పడకు.”

పాసయ్యాను. ఆ చదువే ఈ ఉద్యోగమిచ్చింది. తర్వాత ఎన్నిసార్లు కలిసినా ఆ మాట పూర్తిచేయలేకపోయాను. ఆయన మరిచిపోయి ఉంటారులే అని సర్దిచెప్పుకున్నాను. నిన్న వాళ్లింట్లో, ఫొటో ముందు నిలబడి చెప్పాను. ఏం లాభం?

కళ్లు మూసుకుంటే ఆ మధ్యాహ్నమే కనిపిస్తోంది. షాపుల షట్టర్లన్నీ దించి ఉన్నాయి. ఖాళీ రోడ్డు మీద ఆయన ఒక్కరే, తలమీద చేతిరుమాలు కప్పుకుని, ఇంటివైపు నడిచి వెళుతున్నారు. బాల్కనీలో నిలబడి చూశాను. వెనక్కి తిరిగితే పిలుద్దామనుకున్నాను.

తిరగలేదు.