ఒకే వంతెన కింద రెండు దారులు

వసుమతి షికాగో పక్కనున్న షామ్‌బర్గ్‌లో ఒక ఇంటర్నెట్ కంపెనీలో ఇంజనీరు. ఎవరైనా "డోంట్ వర్రీ" అన్నారంటే చాలు, ఆమెకు అప్పుడే దిగులు మొదలయ్యేది.

2006లో కంపెనీ తొమ్మిది నగరాల నుంచి నలభైకి పెరగాల్సి వచ్చింది. తొమ్మిదింటిని ఒకదానితో ఒకటి నేరుగా కలపడానికి ముప్పై ఆరు లైన్లు సరిపోయాయి. నలభైకి అదే పద్ధతైతే ఏడువందల ఎనభై కావాలి. అది అయ్యే పని కాదు. అందుకని ఆమె పై అధికారి ధర్మారావు కొత్త పటం గీశాడు. ప్రతి నగరం నుంచి షికాగోకు రెండే లైన్లు, వేర్వేరు దారుల్లో. ఒకటి తెగితే రెండోది ఆదుకుంటుంది. మీటింగులో అందరూ మెచ్చుకున్నారు.

పరీక్షల్లో డిమోయిన్ నగరం నుంచి వచ్చే లైన్లు రెండూ సమాచారాన్ని ఒకే సమయంలో చేర్చాయి. పటంలో ఉత్తరపు దారి వంద మైళ్లు ఎక్కువ, దాని టైమ్ కాస్త ఎక్కువ రావాలి.

"రెండింటికీ ఒకే టైమ్ ఎలా వస్తుందండీ?" అని వసుమతి ధర్మారావును అడిగింది.

"మీటర్ తప్పు చూపిస్తోందమ్మా. డోంట్ వర్రీ," అన్నాడాయన, స్క్రీన్ వైపు చూడకుండానే.

చూడలేదెందుకు? ఆయన ఏదో దాస్తున్నాడనిపించింది. లైన్లు అద్దెకిచ్చిన రెండు కంపెనీలకూ ఫోన్ చేసింది. దారి ఎటు వెళ్తుందో చెప్పడం కుదరదన్నారు ఇద్దరూ, దాదాపు అవే మాటల్లో.

శనివారం పొద్దున్నే కారు తీసి మూడు గంటలు డ్రైవ్ చేసింది. మిసిసిపీ ఒడ్డున, దక్షిణపు లైను నది దాటే వంతెన దగ్గర దిగింది. కేబుల్ ఉందని హెచ్చరించే నారింజ రంగు గుంజలు రెండున్నాయి. ఒక్కోదాని మీద ఒక్కో కంపెనీ పేరు. రెండింటి పక్క నుంచీ గొట్టాలు వంతెన కిందికే పోతున్నాయి. ఉత్తరపు లైను కూడా ఇక్కడే నది దాటుతోందన్నమాట. ఒక్క లారీ గుద్దితే రెండూ పోతాయి. ఆమె ఫొటోలు తీసింది.

సోమవారం ఆ ఫొటోలు చూసి ధర్మారావు కళ్లజోడు తీసేశాడు.

"నాకూ డౌట్ వచ్చింది వసుమతీ. అడిగితే పటం మొత్తం కూలిపోతుందని భయపడ్డా."

"మరి నాకు మీటర్ తప్పని ఎందుకు చెప్పారు?"

ఆయన ఫొటోలు తీసుకుని లేచాడు. ఆ మధ్యాహ్నమే డైరెక్టర్ల ముందు తప్పు తనదేనని ఒప్పుకున్నాడు. పని నాలుగు నెలలు ఆగింది. నలభై నగరాల దారులనూ మనుషులు వెళ్లి చూసొచ్చారు. పదకొండు చోట్ల అదే కథ. వాటన్నిటికీ కొత్త దారులు వెతికే బాధ్యత వసుమతికే ఇచ్చారు.

ధర్మారావుతో ఆమె మళ్లీ మామూలుగానే మాట్లాడింది. ఆయన పంపిన ప్రతి పటాన్నీ మాత్రం రెండుసార్లు కొలిచేది.